రాజు తల పక్కన తిరుగుబాటు ముద్ర: మెక్సికో యుద్ధకాలపు వెండి నాణేలు ఏం చెబుతున్నాయి?

1811, 1812ల్లో మెక్సికో ఉత్తరాన చివావా ఊళ్లో తయారైన వెండి నాణెం చూడగానే పాడైపోయిన సరుకనిపిస్తుంది. అరచేతిలో సగం నిండేంత పెద్ద నాణెం. అప్పటికి మెక్సికో స్పెయిన్ వలస, అక్కడ స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. నాణెం మధ్యలో స్పెయిన్ రాజు ఏడవ ఫెర్డినాండ్ తల. అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి, పైన సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉంటాయి. రాజు తలకు ఒక పక్క 'టి' అనే అక్షరం లోపలికి దిగి ఉంటుంది. ఇంకో పక్క కిరీటం పెట్టిన రెండు స్తంభాలు, వాటి కింద దానిమ్మ పండు. కొన్నిటి మీద వీటికి తోడు ఎవరో సేనాని పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. ఇంకొన్నిటి మీద రాజు మనుషులు కొట్టిన ముద్ర, రాజు మీద తిరగబడ్డవాళ్లు కొట్టిన ముద్ర పక్కపక్కనే ఉంటాయి.

ఇలా అప్పటికే చలామణిలో ఉన్న నాణెం మీద తర్వాత కొట్టిన చిన్న గుర్తును ఈ వ్యాసంలో పైముద్ర అంటాను. కాగితం నోటు మీద ముద్ర ఎందుకో తేలిగ్గా అర్థమవుతుంది, ముద్ర లేకపోతే అది కాగితమే కాబట్టి. కానీ ఇది వెండి. విలువంతా లోహంలోనే ఉంది. తూకం వేసి తీసుకుంటే సరిపోయేదానికి, యుద్ధం నడుస్తుండగా ఎవరెవరో పనిగట్టుకుని ముద్రలు ఎందుకు కొట్టారు? శత్రువు ముద్ర ఉన్న నాణేన్ని కరిగించకుండా దాని పక్కనే తమ ముద్ర కూడా కొట్టి ఎందుకు వదిలేశారు?

సాధారణంగా వినిపించే జవాబు జెండా గురించి. కొత్త ప్రభుత్వం వచ్చింది, తన గుర్తు వేసుకుంది అని. నాకు ఆ జవాబు చాలదు. ఈ ముద్రల్లో చాలావాటిని కొట్టింది తిరుగుబాటుదారులు కాదు, రాజు పక్షం వాళ్లే. రాజు తల ఉన్న నాణెం మీద రాజు అధికారే ఇంకో ముద్ర కొట్టాల్సి వచ్చిందంటే సమస్య జెండా ఒక్కటే కాదు.

అది ఎనిమిది రియాల్స్ నాణెం. బరువు సుమారు 27 గ్రాములు, అందులో 90 శాతం దాకా వెండి. ఎనిమిది రియాల్స్ కలిస్తే ఒక పెసో. 18వ శతాబ్దంలో ప్రపంచ వ్యాపారం చాలా వరకు దీని మీదే నడిచింది. చైనాలో వర్తకులు దీన్ని పరీక్షించి, తమ చిన్న ముద్రలు కొట్టుకుని మరీ వాడుకున్నారు. 1797లో ఇంగ్లండులో వెండికి కరువొచ్చినప్పుడు వాళ్ల రాజు మూడవ జార్జి తలను చిన్న అండాకారంలో ఈ స్పానిష్ నాణేల మీద కొట్టి జనంలోకి వదిలారు. మన తీరానికీ ఇవి ఓడల్లో వచ్చేవి. మద్రాసు టంకశాలకు వచ్చిన వెండిలో, స్పానిష్ డాలర్లు అని పిలిచిన ఈ నాణేల వాటా పెద్దది. 1807 తర్వాత అక్కడ తయారైన అర వరహా నాణేల మీద ఒక పక్క నక్షత్రాల మధ్య గోపురం, ఇంకో పక్క విష్ణుమూర్తి, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు ఉంటాయి. ఆ కాలపు మద్రాసు పెద్ద వెండి నాణేల్లో కొన్నిటిని శ్రద్ధగా చూస్తే అడుగున స్పెయిన్ నాణెం గీతలు ఇంకా కనిపిస్తాయి.

ఇంత దూరం వచ్చి కూడా అది చెల్లడానికి కారణం ఒకే చోటి నుంచి, ఒకే నాణ్యతతో రావడం. కొత్త స్పెయిన్ అని పిలిచిన ఆ వలస రాజ్యం మొత్తానికి 1810 దాకా ఒకే ఒక్క టంకశాల ఉండేది. అది మెక్సికో నగరంలో 1535లో ఏర్పాటైంది. ఉత్తరాన గనుల్లో తవ్విన వెండి కడ్డీలు కంచర గాడిదల మీద వందల మైళ్లు నడిచి రాజధానికి చేరాలి. అక్కడ నాణ్యత చూసే అధికారి తన పేరు పొడి అక్షరాలు వేస్తాడు. ఆ తర్వాత నాణేలు మళ్లీ అదే దారిలో వెనక్కి వెళ్లాలి. గని పక్కనే ఉన్న ఊళ్లో కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు కూడా రాజధాని నుంచే రావాలి. దారులు తెరిచి ఉన్నంత కాలం ఈ ఏర్పాటు బాగానే సాగింది.

దారులు మూతపడటం 1810లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే నెపోలియన్ స్పెయిన్‌లోకి చొరబడి ఫెర్డినాండ్‌ను బందీగా పెట్టుకున్నాడు. సింహాసనం మీద నెపోలియన్ అన్న కూర్చున్నాడు. వలస రాజ్యాల్లో అసలు ఎవరి మాట చెల్లాలన్న గొడవ రాజుకుంది. మెక్సికో టంకశాల పరిస్థితి చూడండి: కొత్తగా రాజైన ఫెర్డినాండ్ పేరిట నాణెం వేయాలి, ఆయన అధికారిక చిత్రం మాత్రం స్పెయిన్ నుంచి రాలేదు. చెక్కేవాళ్లు ఊహించి, కవచం తొడిగిన ఒక రాజును చెక్కారు. 1808 నుంచి 1811 దాకా మెక్సికో జనం చూసిన ఫెర్డినాండ్ ఆ ఊహాచిత్రమే.

1810 సెప్టెంబర్ 16న డోలోరెస్ అనే ఊళ్లో చర్చి ఫాదరీ మిగెల్ ఇదాల్గో జనాన్ని తిరుగుబాటుకు పిలిచాడు. రెండు వారాలు తిరక్కుండానే గనుల పట్టణం గ్వానహ్వాతో ఆయన జనం చేతికొచ్చింది. ఉత్తరానికి వెళ్లే దారుల మీద ఎవరి పట్టూ నిలవలేదు. కడ్డీలు రాజధానికి రావడం తగ్గిపోయింది. లెక్కలు చూస్తే గుండె ఝల్లుమంటుంది. 1809లో మెక్సికో నగర టంకశాల బంగారం, వెండి కలిపి సుమారు 2.6 కోట్ల పెసోల నాణేలు తయారుచేసింది. 1810లో అది 1.9 కోట్లు. 1811లో కోటి. 1812కు వచ్చేసరికి 44 లక్షలు. మూడేళ్లలో సుమారు ఆరో వంతుకు పడిపోయింది.

ఈ అంకెల వెనకున్న ఇబ్బంది సామాన్యమైంది కాదు. ఉత్తరాన గనుల ఊళ్లలో వెండి కుప్పలుగా ఉంది, చిల్లర మాత్రం లేదు. గని యజమాని దగ్గర కడ్డీలున్నా కూలీకి ఇవ్వడానికి నాణెం లేదు. రాజు సైన్యాధికారి కోటలో ఉన్నాడు, సిపాయిల జీతాలు మోసుకొచ్చే బిడారు దారిలో ఎక్కడో ఆగిపోయింది. వెండిని శుద్ధి చేయడానికి కావాల్సిన పాదరసం స్పెయిన్ నుంచి రావాలి, అదీ సరిగ్గా అందడం లేదు. అలాంటి సమయంలో మూడు శతాబ్దాల నియమాన్ని రాజు పక్షమే పక్కన పెట్టింది. 1810 చివర్లో, 1811లో సకాతేకాస్, సోంబ్రెరేతే, దురాంగో, చివావా లాంటి చోట్ల తాత్కాలిక టంకశాలలు తెరుచుకున్నాయి.

టంకశాల అని పేరు పెట్టినంత మాత్రాన టంకశాల అయిపోదు. వెండిని ఒకే మందంలో రేకులుగా సాగదీసే యంత్రం కావాలి, గుండ్రంగా బిళ్లలు కత్తిరించాలి, కాల్చి మెత్తబరచాలి, పెద్ద మరప్రెస్సు కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా గట్టి ఉక్కు మీద రాజు తలను తిరగేసి చెక్కగల పనివాడు కావాలి. సకాతేకాస్‌లో మొదట రాజు తల జోలికి వెళ్లకుండా ఊరి పక్కనున్న వెండి కొండనే చెక్కి, కష్టం అన్నిటినీ జయిస్తుందనే అర్థమిచ్చే లాటిన్ మాటల మొదటి అక్షరాలు దాని మీద వేశారు. సోంబ్రెరేతేలో గనుల వ్యవహారాలు చూసే ఫెర్నాండో వర్గాస్ తన ఇంటిపేరునే నాణెం మీద వేయించాడు. రాజు సొమ్ము మీద ఒక ఉద్యోగి పేరు! మామూలు రోజుల్లో ఊహించలేని సంగతి ఇది.

చివావాలో ఇంకో దారి పట్టారు. మెక్సికో నగరపు మంచి నాణెం తీసుకుని దాన్నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో కరిగిన వెండి పోశారు. అంటే పోత నాణెం. టంకశాల గుర్తు, అధికారి పొడి అక్షరాలు మార్చారు, మిగతాదంతా మెక్సికో నాణెం నీడే. మొదట్లో చెప్పిన మొద్దుబారిన అంచులు, సూది గుంటలు ఈ పోత వల్ల వచ్చినవే. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, గాలి బుడగలు గుంటలుగా మిగిలిపోతాయి.

ఇక్కడే అసలు చిక్కు. పోత నాణేలు పోయడం అప్పటికే బాగా తెలిసిన విద్య, దొంగ నాణేలు చేసేవాళ్లకు. మంచి నాణెం తెచ్చి, మట్టిలో అచ్చు తీసి, వెండిలో రాగి ఎక్కువ కలిపి పోసి సంతలో మార్చేయడం వాళ్ల పద్ధతి. ఇప్పుడు సర్కారు కూడా అదే పద్ధతిలో నాణెం చేసింది. చూడ్డానికి రెండూ ఒకటే. తూకం వేస్తే బరువు తెలుస్తుంది గాని, లోపల ఎంత వెండి ఉందో, ఎంత రాగి ఉందో సంతలో కూరగాయలమ్మే మనిషికి ఎలా తెలుస్తుంది? అందుకే 'టి' ముద్ర. రాజు ఖజానా అధికారి దీన్ని చూశాడు, తీసుకున్నాడు అని. అటు పక్క స్తంభాలు, దానిమ్మ ముద్ర లెక్కలు సరిచూసే అధికారిది. ఒకప్పుడు జిరాక్సు కాపీని ఆఫీసులో ఎవరూ నమ్మేవాళ్లు కాదు, దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం, సీలు పడితే అదే కాపీ చెల్లేది కదా, సరిగ్గా అలాంటి అటెస్టేషన్ ఇది. నాణెం మీద ఉన్న రాజు తల కాపీ. నమ్మకం ఆ తలలో లేదు, దాని పక్కన దిగిన రెండు చిన్న గుర్తుల్లో ఉంది.

చివావాలో ఈ నాణేలు పోస్తున్న రోజుల్లోనే, 1811 జూలై 30న, ఇదాల్గోను అదే ఊళ్లో కాల్చి చంపారు. అంతకుముందు మార్చిలో ఉత్తరానికి తప్పించుకుపోతూ మోంక్లోవా దగ్గర ఆయన పట్టుబడ్డాడు. ఆ మోంక్లోవా ముద్ర కూడా నాణేల మీద దొరుకుతుంది: ఊరి పేరును సూచించే ఎం, వి, ఏ అక్షరాలు, కింద 1811 లేదా 1812. చిన్న ఊరు. దానికి టంకశాల లేదు, కాని ముద్ర ఉంది. అలాగే ఎల్, సి, ఎం అక్షరాలు సైనిక అధికార కేంద్రం ముద్ర. దీన్ని కొట్టిన పనిముట్లు ఒకటి రెండు కావు, చిన్నా పెద్దా రకరకాల సైజుల్లో కనిపిస్తుంది. ఒకే సంస్థ పేరుతో చాలా చోట్ల చాలామంది కొట్టారని దీన్నిబట్టి అనుకోవాలి. ఎల్, సి, వి అంటే వెరాక్రూజ్ రేవు ఖజానా. నాణ్యత పరీక్ష అయిందని చెప్పే ముద్రలు వేరే ఉన్నాయి. చెల్లుబాటవుతుంది, పనికొస్తుంది అనే అర్థంలో లాటిన్ మాట కొట్టినవీ ఉన్నాయి.

పైముద్ర ఇంత విరివిగా వ్యాపించడానికి ఒక సాదా కారణం దాని తయారీలోనే ఉంది. ఒక ఇనుప మొల చివర గుర్తు చెక్కాలి, నాణేన్ని దాయి (కమ్మరి ఇనుప దిమ్మ) మీద పెట్టాలి, మొల ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలి. అంతే. కమ్మరి దుకాణం చాలు. ఆ మొలను జేబులో వేసుకుని సైన్యంతో పాటు కదిలిపోవచ్చు. టంకశాల యంత్రాలను కొండదారుల్లో మోసుకుపోలేరు.

తిరుగుబాటు పక్షానికి ఈ సదుపాయం ఇంకా ఎక్కువ అవసరం. ఇదాల్గో పోయాక నాయకత్వం చెదిరింది. ఇగ్నాసియో లోపెస్ రయోన్ 1811 ఆగస్టులో సితాక్వారోలో ఒక పాలక మండలి ఏర్పాటు చేశాడు. ఆ మండలి వేసిన నాణేల మీద వంతెన పైన నాగజెముడు, దాని మీద గద్ద. తర్వాతి మెక్సికో చిహ్నానికి ఇది పూర్వరూపం. ఆశ్చర్యం ఏమిటంటే ఆ గద్ద చుట్టూ ఉన్న లాటిన్ రాతలో ఫెర్డినాండ్ పేరే ఉంది, ఆయన స్థానంలో, ఆయన తరఫున అని. రాజు మీద తిరగబడినవాళ్లు రాజు పేరు ఎందుకు వేశారు? రాజు బందీగా ఉన్నాడు, మెక్సికో నగరంలో పాలిస్తున్నవాళ్లకు ఆ హక్కు లేదు, రాజు తరఫున మేం పాలిస్తాం అన్నది రయోన్ వాదన. జనంలో చాలామందికి రాజంటే ఇంకా గురి ఉంది, ఆ గురిని వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదు. సంపూర్ణ స్వాతంత్ర్యమనే మాట 1813 నవంబర్ 6న చిల్పన్‌సింగోలో సమావేశమైన కాంగ్రెస్ నోట వచ్చింది. అప్పటిదాకా తిరుగుబాటు సొమ్ము మీద రాజు పేరు ఉండటం వింత కాదు.

ఆ కాంగ్రెస్‌ను సమావేశపరిచిన మనిషి హొసే మరియా మొరేలోస్. ఆయనా చర్చి ఫాదరీయే. దక్షిణాన వేడి లోయల్లో సైన్యం కూడగట్టాడు. ఆ ప్రాంతంలో ఆయన చేతికి వెండి గనులు లేవు. సైనికులకు జీతం, ఊళ్లలో ధాన్యానికి డబ్బు ఇవ్వాలి. 1811 జూలైలో ఆయన ధైర్యంగా ఒక పని చేశాడు. ఎనిమిది రియాల్స్ విలువ వేసి రాగి నాణేలు అచ్చేయించాడు. ఒక పక్క విల్లు, బాణం, కింద దక్షిణం అని చెప్పే స్పానిష్ మాట. ఇంకో పక్క ఆయన పేరును కలగలిపి అల్లిన గుర్తు. యుద్ధం గెలిచాక వీటికి బదులుగా బంగారం, వెండి ఇస్తామని మాట ఇచ్చాడు. అంటే అవి లోహం మీద రాసిన ప్రామిసరీ నోట్లు. 1812 నవంబర్‌లో వాహాకా నగరం చేతికొచ్చాక ఆయనకు వెండి దొరికింది. మొదట మోటుగా, తర్వాత పువ్వుల తీగల అల్లికతో ముచ్చటైన వెండి నాణేలు అక్కడ తయారయ్యాయి. 1814 వసంతంలో రాజు సైన్యం వాహాకాను తిరిగి పట్టుకోవడంతో అదీ ముగిసింది.

ఆయన అల్లిక గుర్తే పైముద్రగా కూడా దొరుకుతుంది. ఒక రకంలో గుండ్రటి గీత లోపల, పైనా కిందా నక్షత్రాలతో. ఇంకో రకంలో అండాకారంలో చుక్కలతో. మరో రకంలో చదరపు గడిలో. వాటి అడుగున మెక్సికో నగరపు మంచి నాణేలు ఉంటాయి, చివావా పోత నాణేలు ఉంటాయి, యుద్ధకాలపు మరెన్నో మోటు నాణేలు ఉంటాయి.

ఇప్పుడు రెండు పక్షాల ముద్రలూ ఉన్న నాణెం సంగతికి వద్దాం. ఒక పక్షం ముద్ర ఉన్న డబ్బు రెండో పక్షానికి దొరికితే కరిగించి తమ అచ్చు వేసుకోవచ్చు కదా అంటే, కరిగించడానికి బట్టీ, బొగ్గు, తరుగు, మళ్లీ అచ్చు వేసే యంత్రం కావాలి. సైన్యం కదులుతోంది, జీతం రేపు ఇవ్వాలి. నిషేధిస్తే ఆ ప్రాంతంలో ఉన్న కాస్త డబ్బూ దాక్కుంటుంది, సంత ఆగిపోతుంది. మిగిలిన దారి ఒక్కటే: ఇది ఎక్కడి నుంచి వచ్చినా సరే, మేం ఒప్పుకుంటున్నాం అని ముద్ర కొట్టడం. శత్రువు ముద్రను చెరపాల్సిన పని లేదు. అది ఉండటం వల్ల నాణ్యతకు ఇంకో సాక్షి దొరికినట్టే.

వర్తకుడి వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రాజు తల స్పెయిన్ సామ్రాజ్యం అంతటా చెల్లుతుందని చెబుతుంది. మోంక్లోవా ముద్ర మోంక్లోవాలో శిస్తు కట్టడానికి పనికొస్తుందని చెబుతుంది. మొరేలోస్ గుర్తు ఆయన సైన్యం ఉన్న చోట ధాన్యానికి, బట్టకు చెల్లుతుందని చెబుతుంది. ఆ ఊరు దాటి తీసుకెళితే షరాబు వట్టం తీసుకుని గాని మార్చడు. కొన్ని చోట్ల అసలు ముట్టుకోడు. కాబట్టి పైముద్ర వెండికి విలువ కలపలేదు. ఈ వెండిని గొడవ లేకుండా వెనక్కి తీసుకునే ఖజానా మీకు దగ్గరలో ఉందని మాత్రం చెప్పింది. నా దృష్టిలో ఈ నాణేల అసలు సంగతి ఇదే. మూడు శతాబ్దాలుగా ఒక సామ్రాజ్యం మొత్తానికి కలిపి ఉన్న నమ్మకం మూడేళ్లలో ముక్కలై, ఒక్కో ముక్కా ఒక్కో ఊరి ఖజానా దగ్గర, ఒక్కో సేనాని దండు దగ్గర మిగిలింది. ముద్ర ఎంత చిన్నదో, నమ్మకం చెల్లే దూరం కూడా అంత చిన్నది. ఒక నాణెం మీద మూడు నాలుగు ముద్రలుంటే అది మూడు నాలుగు అధికారాల సరిహద్దులు దాటిందన్నమాట.

అందుకే ఎవరు గెలిచారన్న ప్రశ్నతో ఈ నాణేల దగ్గరికి వస్తే దారి తప్పుతాం. సామాన్యుడికి ఏ ముద్ర కొట్టినవాడు గెలుస్తాడో తెలియదు. ఇవాళ తన చేతిలో ఉన్నది రేపు పొద్దున చెల్లుతుందా అన్నదే అతని టెన్షన్. మొరేలోస్ రాగి నాణేలు పట్టుకున్నవాళ్లకు ఆ భయం నిజమే అయింది. ఇచ్చిన మాట నిలబెట్టుకునే అవకాశం ఆయనకు రాలేదు. 1815 డిసెంబర్ 22న ఆయన్ని ఎకతెపెక్‌లో కాల్చి చంపారు. వెండి మీద ఆయన గుర్తు ఉన్నవాళ్లకు కనీసం వెండి అయినా మిగిలింది.

1821లో స్వాతంత్ర్యం వచ్చింది. రాజు సేనాని అగుస్తిన్ దె ఇతుర్‌బిదే పక్షం మారి, తిరుగుబాటు నాయకులతో కలిసి సెప్టెంబర్ 27న మెక్సికో నగరంలో అడుగుపెట్టాడు. తర్వాత కూడా కొన్ని చోట్ల పాత రాజు బొమ్మతోనే నాణేలు వేశారు, అచ్చులు అవే ఉన్నాయి కాబట్టి. యుద్ధం వల్ల మొలిచిన టంకశాలల్లో చాలావాటి కథ మాత్రం యుద్ధంతో ముగియలేదు. సకాతేకాస్, గ్వానహ్వాతో, దురాంగో, చివావా, గ్వాదలహారా 19వ శతాబ్దంలో చాలా కాలం గద్ద బొమ్మ పెసోలు తయారుచేశాయి. ప్రాంతీయ టంకశాలల్లో చివరివి మూతపడి, పని మళ్లీ మెక్సికో నగరం ఒక్కదానికే చేరింది 1905లో.

ఇలాంటి పైముద్రలు మెక్సికోతో ఆగలేదు. పెరూలో ఒక నాణెం కథ నన్ను మరీ పట్టేసింది. 1821 జూలైలో లీమాలో స్వాతంత్ర్యం ప్రకటించాక, 1822 నుంచి స్వేచ్ఛా పెరూ అని రాసిన ఎనిమిది రియాల్స్ వచ్చాయి. బొరుసు వైపు ఒక స్తంభానికి చెరో పక్క సద్గుణం, న్యాయం ఇద్దరు స్త్రీల రూపంలో నిలబడి ఉంటారు. 1824 ఫిబ్రవరిలో లీమా రేవైన కయ్యావో కోటలో జీతాలందని సైనికులు తిరగబడి కోటను రాజు పక్షానికి అప్పగించారు. లీమా మళ్లీ స్పెయిన్ చేతికి పోయింది. అప్పుడు స్వేచ్ఛా పెరూ నాణేల మీద కిరీటం, దాని కింద 1824 అని కొట్టారు. వెండి మంచిదే, రాత మాత్రం రాజద్రోహం. దాన్ని పారేయలేరు, ఉన్నదున్నట్టు ఒప్పుకోలేరు. అదే ఏడాది డిసెంబర్ 9న ఆయకుచోలో స్పెయిన్ సైన్యం ఓడిపోయింది. ఆ కిరీటం ముద్రకు ఒక ఏడాది ఆయుష్షు కూడా లేదు.

మనీలాలో ఇదే ఇరకాటం ఇంకా పెద్దగా వచ్చింది. ఫిలిప్పీన్స్ స్పెయిన్ చేతిలోనే ఉంది, కాని అక్కడ వాడుకకు కావాల్సిన వెండి వచ్చేది స్వాతంత్ర్యం తెచ్చుకున్న పెరూ, మెక్సికో, బొలీవియాల నుంచి. ఆ నాణేల మీద రిపబ్లిక్, స్వేచ్ఛ అనే మాటలున్నాయి. అవి మనీలా జనం చేతుల్లో తిరగడం గవర్నరుకు నచ్చలేదు. 1828లో గవర్నర్ జనరల్ మరియానో రికాఫోర్ట్ హయాంలో, ఏడవ ఫెర్డినాండ్ అనుమతితో చెల్లుతుంది అనే పెద్ద ముద్రను నాణెం ముఖమంతా కప్పేలా కొట్టారు. వెనక మనీలా అని, సంవత్సరం. అంత పెద్ద ముద్ర యంత్రాలకు భారమైంది. 1832 నుంచి కిరీటంతో, ఫెర్డినాండ్‌ను సూచించే చిన్న అండాకార ముద్రకు దిగారు. ఆయన పోయాక 1834 నుంచి కూతురు రెండవ ఇసబెల్లా పేరు గుర్తు. చిన్న ముద్ర పక్కన రిపబ్లిక్ రాతలు హాయిగా చదువుకోవచ్చు. రాతలు దాచాలన్న మొదటి ఉద్దేశం ఎక్కడ పోయిందో తెలుస్తూనే ఉంది. 1836 చివర్లో మెక్సికో స్వాతంత్ర్యాన్ని స్పెయిన్ ఒప్పుకుంది, 1837లో మనీలా ముద్రలు ఆగిపోయాయి.

ఇప్పుడు ఇవి సేకరించేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. పైముద్ర ఉన్న నాణెం ఖరీదు లేనిదాని కన్నా చాలా ఎక్కువ. ఒకప్పుడు ముద్ర కొట్టడం ఎంత తేలికో ఇవాళ దొంగ ముద్ర కొట్టడమూ అంతే తేలిక. అసలైన పాత నాణెం కొని, దాని మీద కొత్త ఇనుప మొలతో సేనాని పేరు కొట్టి అమ్మేస్తారు. వెండి అసలుది, బరువు సరిగ్గా ఉంటుంది, అయస్కాంతానికి అంటుకోదు, నాణెం వైపు ఏ పరీక్ష పెట్టినా నెగ్గుతుంది. అందుకే నాణేన్ని, ముద్రను వేరువేరుగా చూడాలి.

మొదట ముద్ర ఉన్న చోటుకు సరిగ్గా వెనక వైపు చూడండి. సుత్తి దెబ్బ పడితే అటు పక్క లోహం దాయి మీద నలిగి చదునవుతుంది, అక్కడి బొమ్మ కొంత చెదురుతుంది. ముద్ర లోతుగా ఉండి వెనక ఏమీ కదలకపోతే అనుమానించాలి. తర్వాత అరుగుదల. నాణెం మీద రాజు ముక్కు, జుట్టు అరిగిపోయి ఉంటే ముద్ర కొట్టాక కూడా అది కొంతకాలం తిరిగి ఉండాలి, కాబట్టి ముద్ర అంచులు కూడా కాస్త మొద్దుబారాలి. లోపల పాత నలుపు, మరక ఉండాలి. చుట్టూ నలుపు, ముద్ర లోపల మాత్రం తళతళ అంటే మంచిది కాదు. పోత నాణేల విషయంలో ఇంకో మెలిక ఉంది. పైముద్ర పోత పోశాక కొట్టింది కాబట్టి దాని అంచులు నాణెం అక్షరాల కన్నా పదునుగా ఉండాలి. ముద్ర కూడా అక్షరాల లాగే మెత్తగా, గుంటలతో ఉంటే, ముద్ర ఉన్న నాణేన్నే అచ్చు తీసి పోసిన దొంగ సరుకని అర్థం.

అన్నిటికన్నా తేలికైన పరీక్ష తారీఖుది. ముద్ర కొట్టినవాడు చనిపోయే లోపే ఆ నాణెం పుట్టి ఉండాలి. 1818 అని అచ్చు పడిన నాణెం మీద మొరేలోస్ గుర్తు చూపించి ఎవరైనా డబ్బడిగితే, ఆయన అప్పటికి మూడేళ్ల కిందటే చనిపోయాడని చెప్పి లేచి వచ్చేయండి.